అబూ షఫీక్ సంతాపసభ

బయ్త్ మర్రాన్,
2006 జులై 16

నజ్లా అక్కయ్యకి,

ముందుగా, మేమంతా ప్రాణాలతో ఉన్నాం. ఇక ముఖ్యమైన విషయం. ఐన్ సర్వా ముఖ్తార్ ఊరొదిలి పారిపోయాడని అక్కడ ఎవరైనా అంటే నమ్మకు. ఊరి పెద్ద పారిపోడు. కార్యాలయాన్ని తాత్కాలికంగా కొండ మీదికి మార్చాడు, అంతే. ముద్ర నా జేబులోనే ఉంది.

మనవాళ్ళు సరిహద్దు దాటి ఇద్దరు సైనికుల్ని పట్టుకొచ్చారని తెలిసిన పూట వీధిలో మిఠాయి పంచింది నేనే కదా. చూస్తుండగానే వంతెన ఎగిరిపోయింది. "ఇంకో పళ్ళెం పంచకపోయారా" అని మీ మరదలు ఇంసాఫ్ దారంతా దెప్పుతూనే ఉంది. ఆమె పక్కన వాళ్ళమ్మ, వాళ్ళమ్మ ఒళ్ళో కుక్కరు. విమానాలు నెత్తి మీద తిరుగుతుంటే ఆవిడ కుక్కరు మూత సరిగ్గా పట్టిందో లేదో చూసుకుంటోంది.

ఇప్పుడు ఇక్కడొక స్కూల్లో, మూడో తరగతి గదిలో, నాలుగు కుటుంబాలం సర్దుకున్నాం. నాకు నల్లబల్ల కింద చోటిచ్చారు. లేచేసరికి తలనిండా సుద్దపొడి. ఈ కొండ మీది క్రైస్తవులు ఎన్నికలప్పుడు మనల్ని తిట్టని తిట్టు లేదు. ఇప్పుడేమో మూడు పూటలా వండి పెడుతున్నారు. ఆ ఋణం ఎలా మొయ్యాలో తెలీక ఇంసాఫ్ వాళ్ళ కూరలో ఉప్పు తక్కువైందంటోంది.

ఫోన్లు పోయినా ఫర్హాత్ వ్యాను మాత్రం నడుస్తోంది. ఆ మనిషికి దారి లేకపోయినా దారి దొరుకుతుంది. అతని చేతే ఈ ఉత్తరం. తిరుగు ప్రయాణంలో నువ్వు ఎక్కి వచ్చెయ్. వచ్చేలోగా మా ఏసీ మీద ఒక కన్నేసి ఉంచు, కొని నెల కాలేదు. ఇంకొకటి. నేను లేనని అబూ షఫీక్ నా కుర్చీలో కూర్చుంటాడేమో కనిపెట్టి ఉండు. ఎన్నికల్లో ఓడిన బాధ ఆయనకింకా చల్లారలేదు.

నీ తమ్ముడు,
ముంజిర్
ముఖ్తార్, ఐన్ సర్వా (శిబిరం: మూడో తరగతి గది)


ఐన్ సర్వా,
జులై 20

ఒరేయ్ ముంజిర్,

నీ ఏసీ బాగానే ఉంది. కాకపోతే మీ గోడకి లేదు. మొన్నటి దెబ్బకి ఎగిరి దర్జీ వాళ్ళ డాబా మీద కూర్చుంది. రిమోట్ నువ్వే పట్టుకెళ్ళావని విన్నాను, అక్కణ్ణుంచి నొక్కి చూడు.

నీ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కుర్చీ లేదు. ఆఫీసూ లేదు.

నేను రాను. ఆకు కోసి, గుచ్చి, తోరణాలు కట్టి పందిట్లో ఆరేశాను. పొగాకుని ఆరేసి వదిలి వస్తే ఎవడు తిరగేస్తాడు? పైగా పక్కింటి ఉమ్మ్ నాయిఫ్ వ్యాను ఎక్కదు. ఆ మొండి ముసలిది విమానాలు అటు తిరగ్గానే పైకి వెళ్ళి, ఊళ్ళో మిగిలిన మా పదిమందికీ రొట్టె కాల్చి, తిట్టుకుంటూ దిగొస్తుంది. మేమంతా మా ఇంటి నేలమాళిగలో ఉంటున్నాం. పొగాకు వాసన, మనుషుల వాసన. రెండిట్లో పొగాకే నయం.

నిన్న ఆకాశంలోంచి కాగితాలు రాలాయి. వెంటనే ఇళ్ళు ఖాళీ చేసి నది దాటి ఉత్తరానికి పొమ్మని. వంతెన కూల్చిందీ వాళ్ళే, దాటమంటున్నదీ వాళ్ళే. అబూ షఫీక్ ముప్ఫై ఏళ్ళు అరబ్బీ చెప్పిన పంతులు కదా, ఎర్ర పెన్సిలు తీసి కాగితం నిండా తప్పులు దిద్దాడు. "ఇలాంటి భాషకి నేను ఇల్లు ఖాళీ చెయ్యను" అనేసి లోపలికి పోయాడు.

మనవాళ్ళ సంగతీ రాస్తాను. ఇద్దరు వచ్చి నా చేలో ఏదో గొట్టం బిగిస్తున్నారు. వెళ్ళి అడిగాను. "అమ్మా, ఇది దేశం కోసం" అన్నాడొకడు. "దేశం కోసమైతే గట్టు మీద పెట్టుకోండి నాయనా, మొక్కలు తొక్కుతారేం?" అన్నాను. బుద్ధిమంతులు, గట్టు మీదికి జరిగారు. కాల్చారు, వెళ్ళిపోయారు. జవాబు మాత్రం నా చేనుకే వచ్చింది.

రోడ్డంతా గోతులే. ఎన్నికలయ్యాక కసితో అబూ షఫీక్ గుమ్మం ముందు నువ్వు వేయించిన స్పీడ్ బ్రేకర్ ఒక్కటే చెక్కుచెదరలేదు. ఆయన్ని నేలమాళిగలోకి రమ్మంటే "ముఖ్తార్ అక్కగారి కప్పు కింద తలదాచుకోను" అంటాడు. మీ ఇద్దర్లో ఎవరు ఎక్కువ మూర్ఖులో చెప్పడం కష్టం.

ఇంసాఫ్‌ని ఉప్పు సంగతి వదిలెయ్యమను.

నజ్లా


ఐన్ సర్వా,
జులై 26

ముంజిర్,

ఫర్హాత్ హారన్ కొడుతున్నాడు. రెండు ముక్కలే. నిన్న అబూ షఫీక్ ఇంటి మీద పడింది. ఇల్లు మొత్తం పోయింది. రాళ్ళ కిందనుంచి తీసి, నలుగురం మోసుకొచ్చి కిందికి దించాం. దారంతా నీ పేరే తలుచుకున్నాడు. ఇప్పుడు నేలకింద చల్లగా, నిశ్చింతగా పడుకున్నాడు. ఉమ్మ్ నాయిఫ్ తల దగ్గర కూర్చుని ఖురాన్ చదువుతోంది. పాత పగలు ఇకనైనా వదిలెయ్.

నజ్లా


బయ్త్ మర్రాన్,
జులై 31

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి నల్లబల్లకి ఆనుకుని అలా కూలబడిపోయాను. ఇంసాఫ్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆఖరి క్షణంలో నా పేరు తలుచుకున్నాడా! ఏడో తరగతిలో నా చేతిరాత బావుందన్న ఒకే ఒక్క మాస్టారు ఆయన. తర్వాత ఎన్నో అనుకున్నాం, అవన్నీ ఇప్పుడెందుకు.

నిన్న స్కూలు ఆవరణలో సంతాపసభ పెట్టాం. కొండ మీది ఫాదిరీ గారు వచ్చారు, పార్టీ తరఫున ఒకాయన వచ్చాడు, ఒక మంత్రి కూడా వచ్చాడు. మంత్రి గారు పరుపులు పంచడానికి వచ్చి, ఫోటోలు అయ్యాక ఆ పరుపులతోనే పక్క స్కూలుకి వెళ్ళే తొందరలో ఉన్నా, నా ప్రసంగం పూర్తయ్యేదాకా ఆగాడు. టీవీ వాళ్ళు తీశారు.

నేనేమన్నానంటే: "ఇలాంటి సత్యసంధుడు మా ప్రాంతంలో మళ్ళీ పుట్టడు. ఎన్నికల్లో గెలిచింది నేనే కావచ్చు, యోగ్యుడు మాత్రం ఆయనే. ఇంతటి మనిషితో వియ్యమందే అదృష్టం మా కుటుంబానికి దక్కలేదు." ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. మా అత్తగారు కుక్కరు పక్కన పెట్టి మరీ ఏడ్చింది. ఒట్టేసి చెబుతున్నాను, నాకూ నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన్ని పెట్టిన చోట గుర్తుగా ఒక రాయి ఉంచు. తర్వాత పాలరాతిది వేయిద్దాం.

దుఃఖంతో,
ముంజిర్
ముఖ్తార్, అధ్యక్షుడు, దక్షిణ నిర్వాసితుల సంతాప సంఘం


ఐన్ సర్వా,
ఆగస్టు 3

ఒరేయ్ పిచ్చోడా,

నీ ఉత్తరం నేలమాళిగలో అందరి ముందూ గట్టిగా చదివాను. చదివేదాకా అందులో ఏముందో నాకు తెలీదు. అబూ షఫీక్ గోడకి ఆనుకుని, విరిగిన కాలు నా పొగాకు బస్తా మీద పెట్టుకుని విన్నాడు.

"ఇంకోసారి చదువమ్మా" అన్నాడు. "సత్యసంధుడు అన్న దగ్గర్నుంచి."

మళ్ళీ చదివాను.

"ఇందులో సగం ఎన్నికలప్పుడు అనుంటే నేనే గెలిచేవాణ్ణి" అన్నాడు. "రెండు చోట్ల వ్యాకరణం తప్పింది. అయినా భావం బావుంది. బతికుండగా వీడు నాకొక సలాం కూడా పెట్టలేదు."

"ఇప్పుడు మాత్రం బతికి లేవా ఏంటి?" అని ఉమ్మ్ నాయిఫ్ పొట్ట పట్టుకుని నవ్వింది. పైన బాంబులు పడుతుంటే కింద మేం దుమ్ము దులుపుకుంటూ నవ్వాం. యుద్ధం మొదలయ్యాక అలా నవ్వడం అదే మొదలు.

కాబట్టి విను. అబూ షఫీక్ బతికే ఉన్నాడు. మా మధ్యే ఉన్నాడు. రోజంతా మాట్లాడుతూనే ఉన్నాడు, ఆపమన్నా ఆపడు. రాత్రి ఎవరికీ నిద్రపట్టకపోతే పాత పద్యాలు చదువుతాడు. వినడానికి బాగానే ఉంటుందిలే. నేలకింద అంటే నేలమాళిగరా. సంతాపం ఆపి, కాలికి కట్టు కట్టే సామాను ఏమైనా దొరికితే పంపు.

నజ్లా


బయ్త్ మర్రాన్,
ఆగస్టు 7

నా బంగారు అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి నా గుండె చెరువైంది. ఇక్కడ విదేశీ సహాయ సంస్థ తరఫున మనసు డాక్టరమ్మ ఒకావిడ వచ్చింది. ఆవిడకి చదివి వినిపించాను. పోయినవాళ్ళు మన మధ్యే ఉన్నారనీ, మాట్లాడుతున్నారనీ, పద్యాలు చదువుతున్నారనీ అనిపించడం మామూలేనట. దానికొక పొడుగాటి పేరు కూడా ఉందట. ఎదురు చెప్పకూడదంది. అందుకే చెప్పను. అవునక్కా, ఆయన బతికే ఉన్నాడు. అమరులకు చావులేదు.

ఆవిడ ఇచ్చిన మాత్రలు ఫర్హాత్ చేత పంపుతున్నాను. పొద్దునొకటి, రాత్రొకటి.

"ఒకవేళ మనిషి నిజంగానే బతికున్నాడేమోనండీ" అంది ఇంసాఫ్. పోస్టర్లు అచ్చయ్యాక అలాంటి మాటలు అనకూడదని మందలించాను. పోస్టరు చాలా బాగా వచ్చింది. ఆయన ఫోటో దొరక్క ఇరవై ఏళ్ళ నాటి స్కూలు గ్రూపు ఫోటోలోంచి కత్తిరించారు. వెనక తుపాకి పెట్టారు. వద్దన్నాను, అరబ్బీ మాస్టారికి తుపాకి ఎందుకని. తుపాకి లేకపోతే పిచ్చుక పెట్టాల్సి వస్తుందన్నాడు అచ్చువేసేవాడు. అతని దగ్గర ఆ రెండే ఉన్నాయట.

మరణ ధ్రువీకరణ కూడా నా ముద్రతో రాసి పై ఆఫీసుకి పంపేశాను. నువ్వు ఆ పనుల గురించి బెంగపెట్టుకోకు. మాత్రలు వేసుకో.

ముంజిర్
ముఖ్తార్, అధ్యక్షుడు, సంతాప సంఘం, సభ్యుడు, అమరుల పోస్టర్ల కమిటీ


ఐన్ సర్వా,
ఆగస్టు 11

ముంజిర్,

ఉమ్మ్ నాయిఫ్ పోయింది.

పొద్దున రొట్టె కాల్చడానికి పైకి వెళ్ళింది. పిండి పులిసిపోతోందని గొణిగింది. నేను ఆగమన్నాను. "విమానాలకోసం పిండి ఆగుతుందా?" అంది. అంతే. మేం పైకి వెళ్ళేసరికి పొయ్యి లేదు, గోడ లేదు. ఆవిడ ఉంది. ఒంటి మీద పెద్ద గాయం కూడా కనపడలేదు. చేతులకి పిండి ఉంది.

శ్మశానం దారిలో కాల్పులు. అందుకని పొగాకు చేను చివర, మంచి మట్టి ఉన్న చోట పెట్టాం. అబూ షఫీక్ కూర్చునే పాకుతూ వచ్చి ప్రార్థన చదివాడు. తప్పుల్లేకుండా చదివాడు.

ఈసారి నేలకిందే. నేలమాళిగ కాదు. అర్థమైందా?

నీ మాత్రలు దర్జీ వాళ్ళ ముసలాయనకి ఇచ్చాను. ఆయనకి నిద్రపట్టడం లేదు.

నజ్లా


బయ్త్ మర్రాన్,
ఆగస్టు 15

అక్కయ్యా,

గెలిచాం! నిన్న పొద్దున్నే కాల్పులు ఆగాయని రేడియోలో చెప్పగానే స్కూలంతా ఎగిరి గంతేసింది. అవతలివాళ్ళు కూడా తామే గెలిచామంటున్నారట, అననీ. సగం మంది అప్పుడే పరుపులు కార్ల మీద కట్టుకుని బయల్దేరారు. నేను మాత్రం విజయసభలో మాట్లాడాల్సి ఉంది కాబట్టి ఆగాను. నీ దగ్గర్నుంచి ఈ మధ్య ఉత్తరమే లేదు. మాత్రలు పనిచేస్తున్నాయని అనుకుంటున్నాను.

శుభవార్త ఏమిటంటే, మన ఊరి బడికి అబూ షఫీక్ పేరు పెడతామని మంత్రి గారు మాటిచ్చారు. బడి ఇంకా ఉందా?

పోస్టర్లు ముందే మన కుర్రాళ్ళ చేతికిచ్చి పంపాను. ఊరి మొదట్లో, అందరికీ కనిపించేలా అంటించమన్నాను.

విజయోత్సాహంతో,
ముంజిర్
ముఖ్తార్ మొదలైనవి


ఐన్ సర్వా,
ఆగస్టు 18

ముంజిర్,

పదకొండో తారీఖున నేను రాసిన ఉత్తరం ఫర్హాత్ వ్యానులోనే ఉండిపోయిందట. దారి మూసేస్తే వెనక్కి తిరిగాడు. ఇప్పుడు రెండూ కలిపి పంపుతున్నాను. ముందు అది చదువు. చదివాకే ఇది చదువు.

చదివావా? సరే.

జనం తిరిగొచ్చారు. కార్లు ఊరి మొదట్లో వరసగా ఆగిపోయాయి. ఎందుకంటే అక్కడ కరెంటు స్తంభానికి అబూ షఫీక్ పోస్టరు, దాని కింద కుర్చీ, కుర్చీలో అబూ షఫీక్. కుండలోంచి అందరికీ మంచినీళ్ళు పోస్తున్నాడు. ఇద్దరాడవాళ్ళు కెవ్వుమన్నారు. దర్జీ వాళ్ళ అబ్బాయి పోస్టరు చూసి, మనిషిని చూసి, "మాస్టారూ, ఫోటోలోనే బావున్నారు" అన్నాడు. పోస్టరు పీకేద్దామంటే పార్టీ కుర్రాడొకడు అడ్డం వచ్చాడు. పైనుంచి ఆజ్ఞ లేనిదే అమరుణ్ణి తియ్యకూడదట. "నాయనా, ఆ అమరుణ్ణి నేనే" అంటే, "అయినా సరే, అడగాలండీ" అన్నాడు.

అందరూ గెలిచారని నాకు ఇక్కడే తెలిసింది. వాళ్ళూ గెలిచారట, మనవాళ్ళూ గెలిచారట. ఓడింది నా పొగాకు ఒక్కటే.

ఇళ్ళు రాసుకోవడానికి ఇంజనీరు వచ్చాడు. అబూ షఫీక్ రాళ్ళకుప్ప ముందు కర్ర ఊతంతో నిలబడి "ఇది నా ఇల్లు" అన్నాడు. ఇంజనీరు కాగితాలు తిరగేసి "మీరు పోయారండీ" అన్నాడు. పోయినవాళ్ళకి ఇల్లు కట్టరట. బతికున్నట్టు ముఖ్తార్ రాసివ్వాలట. ఈ దేశంలో ఆయన్ని బతికించగల మనిషివి నువ్వొక్కడివే. వచ్చి బతికించు.

అది కాక ఇంకో కారణం కూడా ఉంది. ఉమ్మ్ నాయిఫ్ పోయిన మర్నాడు నేను అన్నం ముట్టుకోలేదు. అబూ షఫీక్ పొయ్యి ముందు కూర్చుని, ఆ విరిగిన కాలితోనే, పప్పు ఉడకబెట్టాడు. మాడ్చాడు. తెచ్చి నా ముందు పెట్టి అన్నాడు: "నజ్లా, నాకు ఇల్లు లేదు, ఒక కాలు సరిగ్గా లేదు, కాగితాల ప్రకారం ప్రాణమూ లేదు. నన్ను చేసుకుంటావా?"

"వంట వచ్చా?" అన్నాను.

"చూస్తున్నావుగా. రాదు."

"ఎన్నికల్లో మళ్ళీ నిలబడతావా?"

"నిలబడలేను. కాలు విరిగింది."

నిజం చెప్పే మగాడు ఈ దేశంలో ఇంకొకడు దొరుకుతాడన్న నమ్మకం నాకు లేదు. సరేనన్నాను. మా ఆయన పోయి పదిహేనేళ్ళయింది, ఎవరూ నాకోసం పప్పు మాడ్చలేదు.

నిన్ను అనుమతి అడగడం లేదు. ఇలాంటి మనిషితో వియ్యమందే అదృష్టం లేదని టీవీలో ఏడ్చింది నువ్వే. ఇంక ఏడవక్కర్లేదు.

ఉమ్మ్ నాయిఫ్‌కి సభ లేదు, పోస్టరు లేదు. టీవీ వాళ్ళు వచ్చి చేను చివర నిలబడి "ఇక్కడ ఒక మహిళ" అని చెప్పుకుని పోయారు.

నజ్లా


బయ్త్ మర్రాన్,
ఆగస్టు 21

అక్కా,

నువ్వు చెప్పినట్టే ముందు అదే చదివాను. రెండో ఉత్తరం మర్నాటిదాకా విప్పలేకపోయాను.

స్కూలు ఖాళీ అయిపోయింది. ఇంసాఫ్ నిన్నటినుంచి సామాను కట్టి కూర్చుంది. కార్యాలయ పనులున్నాయని ఆపుతున్నాను. "ఏ కార్యాలయమండీ? నల్లబల్లా?" అంది. నిజం చెప్పనా, అబూ షఫీక్ ఎదటికి రావడానికి ముఖం చెల్లడం లేదు. ఆయన బతికున్నందుకు సంతోషంగానే ఉంది. కానీ ఆయనతో అనదగ్గ మాటలన్నీ ఆయన పోయాడనుకుని ఖర్చుపెట్టేశాను. ఎదురుపడితే ఏమనాలి? బావగారూ అనాలా?

ఇంకో సంగతి. నిన్న ఉమ్మ్ నాయిఫ్ మరణం రాద్దామని కాగితం తీశాను. పేరు దగ్గర ఆగిపోయాను. నాయిఫ్ తల్లి అని రాయడానికి నాయిఫ్ అనే కొడుకే లేడు కదా. పిల్లల్లేని మనిషిని ఊరు మర్యాదకి అలా పిలిచింది. అసలు పేరేమిటి? ఇంసాఫ్‌ని అడిగాను, తెలీదంది. అత్తగార్ని అడిగాను, తెలీదంది. రికార్డులో చూద్దామంటే ఆఫీసుతో పాటే పోయింది. నేను ముఖ్తార్ని అయ్యాక ఆవిడ ఒక్క కాగితం కోసమూ నా దగ్గరికి రాలేదు. నేనే రోజూ ఆవిడ దగ్గరికి వెళ్ళేవాణ్ణి, రొట్టెకి.

నీకు తెలిసే ఉంటుంది. రాయి. నేను ఆ చోటు ఖాళీగా వదిలి, మిగతాదంతా రాసి ఉంచాను.

ముంజిర్


ఐన్ సర్వా,
ఆగస్టు 24

తమ్ముడూ,

నాకూ తెలీదు. ఒకే గోడకి అటూ ఇటూ ముప్ఫై ఏళ్ళున్నాం. నా పురుళ్ళు పోసింది, మా ఆయన పోయినప్పుడు నన్ను పట్టుకుని కూర్చుంది. ఆవిడ పేరు అడగాలని నాకు ఒక్కనాడూ తోచలేదు.

నీ ఉత్తరం చదివి అబూ షఫీక్ కర్ర అందుకున్నాడు. గుమ్మం గుమ్మం తిరిగాడు. గుమ్మాలు లేని చోట రాళ్ళ మీద కూర్చున్నవాళ్ళని అడిగాడు. అందరూ "ఉమ్మ్ నాయిఫ్ కదండీ" అన్నవాళ్ళే. ఆఖరికి ఫర్హాత్ వ్యానులో లోయ అవతలి ఊరు వెళ్ళాం. అక్కడ ఆవిడకొక సవతి చెల్లెలు ఉంది, చూపు లేదు. విషయం చెబితే నా చెయ్యి పట్టుకుంది. తర్వాత, "మా వర్దె పెళ్ళికి ముందు ఎంత బాగా పాడేదో. మీ ఊళ్ళో కూడా పాడేదా?" అని అడిగింది.

ఏం చెప్పను? పాడేదన్నాను. అబూ షఫీక్ కూడా, ఆ సత్యసంధుడు, అవునన్నాడు.

వర్దె. అలాగే రాయి, నీ చేతిరాత బావుంటుందిగా.

అబూ షఫీక్‌తో ఏమనాలా అని బెంగపెట్టుకోకు. నువ్వు నోరు తెరిచేలోపే ఆయన మాట్లాడటం మొదలెడతాడు. పెళ్ళి వచ్చే వారం శుక్రవారం, చేలోనే. ఇంసాఫ్‌ని, అత్తగార్ని, కుక్కర్ని తీసుకుని బయల్దేరు. దారిలో ఎక్కడైనా రొట్టెలు దొరికితే ఎక్కువే కొను. ఊళ్ళో కాల్చేవాళ్ళు లేరు.

అక్క
నజ్లా